ఇన్సులిన్ చల్లగా లేదు, బిల్లూ ఇవ్వలేదు. ఏం చేయాలి?

మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. అమ్మకి పదేళ్లుగా షుగర్. నిన్న మెడికల్ షాపులో ఇన్సులిన్ అడిగితే కుర్రాడు ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకుల వెనక నుంచి తీసిచ్చాడు. డబ్బా చేతికి వెచ్చగా తగిలింది. పొద్దుట్నుంచీ కరెంటు లేదు మరి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని దాని మీదే రాసుంది. బిల్లు అడిగితే "మనోళ్లేగా, బిల్లెందుకండీ" అని నవ్వేశాడు.

డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలని 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో ఉంది. ఇక్కడ గోడకి సర్టిఫికెట్ వేలాడుతోంది గానీ ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

బిల్లు లేకుండా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు చేస్తే తీసుకుంటారా? ఊళ్లో ఉన్నది ఆ ఒక్క షాపే, అదీ నా టెన్షన్. ముందు ఇది చెప్పండి: మందు పైకి తేటగానే ఉంది, వాడొచ్చా, పారేయాలా?