పాత రోడ్ బైక్ బాటమ్ బ్రాకెట్: మార్చెయ్యాలా, విప్పి గ్రీజు పెట్టుకోవాలా?

పాతఫ్రేము:
ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. నిరుడు 1970ల నాటి ప్యూజో స్టీల్ రోడ్ బైక్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఎత్తు ఎక్కేటప్పుడు తొక్కినప్పుడల్లా కింద బాటమ్ బ్రాకెట్ దగ్గర (ఫ్రేములో పెడళ్ల ఇరుసు తిరిగే చోట) టక్ టక్ మంటోంది, క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) పట్టుకుని ఊపితే కాస్త ఆడుతోంది. దగ్గర్లో ఉన్న షాపతను విప్పి చూడకుండానే "పాత కప్పులు పీకేసి సీల్డ్ కార్ట్రిడ్జ్ వేసేద్దాం" అన్నాడు. కప్పులంటే ఇరుసుకి రెండు వైపులా గోళీలు తిరిగే మర గిన్నెలు, కార్ట్రిడ్జ్ అంటే విప్పే పని లేకుండా అన్నీ కలిపి మూసేసిన బేరింగు. వేయించెయ్యనా?

వానలోరైడ్:
వేయించెయ్యండి బ్రదర్, ఆలోచించకండి. నేను ఇక్కడి వానల్లో రోజూ ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తాను. నా పాత బైక్‌కి షిమానో యూఎన్55 అనే సీల్డ్ కార్ట్రిడ్జ్ వేసి ఆరేళ్లయింది, మళ్లీ అటు చూడలేదు. కప్పులు, గోళీలు అయితే ప్రతి చలికాలం తర్వాతా విప్పాల్సిందే. ఉద్యోగం చేసుకునేవాళ్లకి అంత తీరిక ఎక్కడిది?

గ్రీజుచేతులు:
ఆగండి. మీది 1970ల ప్యూజో అంటున్నారు, అంటే దాదాపు ఖాయంగా ఫ్రెంచ్ మర, 35 మి.మీ. × 1 మి.మీ. (వ్యాసం, మర చుట్ల మధ్య దూరం). షాపుల్లో మామూలుగా దొరికే కార్ట్రిడ్జ్ ఇంగ్లిష్ మరది, 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, గొడవంతా అక్కడే. ఇంగ్లిష్ దాంట్లో కుడి కప్పుకి ఎదురు మర (ఎడమకి తిప్పితే బిగిసేది) ఉంటుంది, ఫ్రెంచ్ దాంట్లో రెండు వైపులా మామూలు మరే. అది తెలియనివాడు కుడి కప్పు వదులు చేస్తున్నాననుకుని ఇంకా బిగిస్తాడు, తర్వాత కొత్త కార్ట్రిడ్జ్‌ని బలవంతంగా ఎక్కించి ఫ్రేములో ఉన్న మరలన్నీ కోసేస్తాడు. నా మొదటి ఫ్రెంచ్ ఫ్రేము ఒక షాపులో సరిగ్గా ఇలాగే పోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇంకో సంగతి. ఫ్రెంచ్ కుడి కప్పు తొక్కేకొద్దీ దానంతటదే వదులవుతుంది, ఇంగ్లిష్ వాళ్లు ఎదురు మర పెట్టింది అందుకే. మీ టక్ టక్ అదే అయుండొచ్చు. కప్పు గట్టిగా బిగిస్తే పోయేదానికి మొత్తం మార్చడం ఎందుకు?

క్రాంకులు అల్యూమినియం స్ట్రాంగ్‌లైట్ కంపెనీవి అయితే వాటిని ఊడదీయడానికి మామూలు 22 మి.మీ. పుల్లర్ పెట్టకండి, వాటికి 23.35 కావాలి. విప్పాక గోళీలన్నీ కిరసనాయిల్లో కడగండి (మా ఊళ్లో ఓవరాయిలింగ్ అంటే ముందు ఆ పనే). ఇరుసు మీద గోళీలు తిరిగే గీత వెంబడి బాల్ పెన్ను ములుకు మెల్లగా నడపండి. ఎక్కడా ఆగకుండా జారితే ఇరుసు బాగున్నట్టే. కొత్త పావు అంగుళం గోళీలు వైపుకి 11 చొప్పున, పంజరం (గోళీల్ని పట్టి ఉంచే రేకు చట్రం) లేకుండా, నిండా గ్రీజు పెట్టి అమర్చండి. సీటు గొట్టంలోంచి మట్టి రాలకుండా రెండు కప్పుల మధ్య ఒక ప్లాస్టిక్ గొట్టం చుట్టి పెట్టండి. వానలో చాలా తేడా కనిపిస్తుంది. ఎడమ కప్పు బిగింపు ఓపికగా సర్ది, అది కదలకుండా పట్టే లాక్ రింగ్ బిగిస్తే ఏళ్ల తరబడి నడుస్తుంది.

వానలోరైడ్:
మర సంగతి నాకు తెలియదు, అది ఒప్పుకుంటాను, ముందు కొలవాల్సిందే. కానీ ఫిల్ వుడ్ అనే కంపెనీ వాళ్లు ఫ్రెంచ్ మర రింగులు కూడా అమ్ముతారు కదా, వాళ్ల కార్ట్రిడ్జ్ వేసుకోవచ్చు. ఖరీదు ఎక్కువే, అయినా రోజూ వాడే బండి కింద శబ్దం వస్తుంటే ఆ టెన్షన్ వేరు. సర్దడం అందరికీ చేతకాదు. కాస్త ఎక్కువ బిగిస్తే ఇరుసు అరుగుతుంది, కాస్త వదిలేస్తే ఆడుతుంది.

గ్రీజుచేతులు:
మొదటిసారి నాకూ రెండు గంటలు పట్టింది, మూడోసారికి పదిహేను నిమిషాలు. ఇరుసు గుంటలు పడితే మార్చమని నేనే చెప్తాను. చూడకుండా మార్చొద్దన్నదే నా మాట.

పాతఫ్రేము:
నిన్న ఆదివారం విప్పాను. కప్పు మీద 35 × 1 అని చెక్కి ఉంది. కుడి కప్పు చేత్తోనే తిరిగిపోయింది! షాపుకి ఇచ్చి ఉంటే ఏమయ్యేదో. గోళీలు నల్లబడ్డాయి, గ్రీజు గట్టిపడి మైనంలా ఉంది. ఇరుసుకి ఎడమ వైపు నున్నగా ఉంది, కుడి వైపు మాత్రం ఒక్కచోట పెన్ను సన్నగా ఆగుతోంది.

వానలోరైడ్:
ఆగుతోందంటే గుంట మొదలైనట్టే. కొత్త గోళీలు వేసినా అక్కడినుంచే పెరుగుతుంది. ఎలాగూ విప్పారు, ఇప్పుడే మార్చెయ్యండి.

గ్రీజుచేతులు:
ఒక్క సన్నటి గుంటకి ఇరుసు పారెయ్యక్కర్లేదు. కొత్త గోళీలు, కొత్త గ్రీజు, కుడి కప్పు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించడం, ఈ చలికాలం తొక్కండి. మార్చిలో మళ్లీ విప్పి అదే చోట పెన్ను పెట్టి చూడండి. గుంట పెద్దదైతే అప్పుడు ఫిల్ వుడ్‌కి డబ్బులు కట్టండి, నేను అడ్డు చెప్పను.

పాతఫ్రేము:
గోళీలు 22 ఆర్డర్ పెట్టాను, పోతాయేమోనని ఇంకో నాలుగు ఎక్కువే.