అప్‌డేట్: పాత బట్టలతో 1970ల నాటి తరహా, మూడు వేల లోపే

విజయవాడలో 1970ల నాటి తరహా బట్టలు మూడు వేలలో సమకూర్చుకోవడం ఎలా అని నెల క్రితం ఇక్కడ అడిగాను. ముందు బంధువుల ట్రంకు పెట్టెలు వెతకమని మీలో కొందరు అన్నారు. బంగారం లాంటి మాట!

గుంటూరులో పిన్ని పెట్టె తెరవగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. నిజాం అంచు మంగళగిరి చీర చెక్కుచెదరలేదు. పట్టు చీర మాత్రం మడతల దగ్గర చీకిపోయింది, మనసు చివుక్కుమంది. అన్నిటికన్నా నచ్చింది నీలం బుట్టచేతుల జాకెట్టు. పక్కల లోపల అంగుళన్నర బట్ట వదిలి, మూడు వరుసల కుట్లు వేశారు. రెండు విప్పితే నాకు సరిపోయింది. విప్పినచోట ఎండ తగలని బట్ట ముదురు నీలంగా గీతలా కనిపించింది. దాన్ని దాచమని దర్జీకి చెప్పలేదు. ఆ గీత నాకు ఇష్టం.

ప్యాంటు మా వీధికి వచ్చే స్టీలు సామాన్ల ఆవిడ మూటలో దొరికింది, 150 రూపాయలు. వన్‌టౌన్ దర్జీ మోకాలి నుంచి పక్క కుట్టు విప్పి, ముక్కోణపు గుడ్డ అతికి బెల్‌బాటమ్ చేశాడు, 120. జాకెట్టు కుట్లకు 50. మొత్తం 320 రూపాయలే!

కొనేముందు చంకలు, కాలరు, మడతలు వెలుతురులో చూడండి. కొలత మార్చవచ్చు, చీకిన బట్టను బాగుచేయలేం.

నేను వెతుకుతున్న చుక్కల చీర ఇంకా దొరకలేదు. ఈ ఆదివారం పెద్దమ్మ ఇంటికి వెళ్తున్నాను.