‘చిత్రిక పట్టడం’ అంటే నునుపు చేయడమా, చిత్రించడమా?

కథల సమీక్షల్లో ‘రైతు బతుకును చిత్రిక పట్టిన కథ’ అనే మాట తరచూ కనిపిస్తుంది. బొమ్మ కట్టినట్టు చూపించడం అనే అర్థంలోనే నేనూ ఇన్నాళ్లూ వాడేశాను. మొన్న ఒక పెద్దాయన ‘అది వడ్రంగి మాట నాయనా’ అనేసరికి అనుమానం పట్టుకుంది.

నిఘంటువు తిరగేస్తే చిత్రిక అంటే చెక్కను నునుపు చేసే పనిముట్టు అనే ఉంది. సరే, కడపలో మా వీధి చివర వడ్రంగిని అడిగా. ఆయన వేపచెక్క గడప మీద పనిముట్టు తోస్తున్నాడు, పొట్టు చుట్టలు చుట్టుకుంటూ కాళ్ల దగ్గర పడుతోంది. ‘మేం దీన్ని రందా అంటాం, చిత్రిక అనేది ఎప్పుడూ వినలేదే’ అన్నాడు. ఇంకో ఇద్దరిదీ అదే జవాబు.

నునుపు చేయడం నుంచే వస్తే ‘వాక్యాన్ని చిత్రిక పట్టాడు’ అంటే సరిపోతుంది. బతుకును చిత్రిక పట్టడమేంటి? ‘చిత్రం’తో పోలిక ఉండి అర్థం జారిందేమో అని నా ఊహ. నెట్‌లో వెతికితే అన్నీ సమీక్షలే వస్తున్నాయి.

మీ ఊళ్లో వడ్రంగులు ఆ పనిముట్టును ఇప్పటికీ చిత్రిక అని పిలుస్తారా? పిలిస్తే అది ఏ ఊరో చెప్పగలరా?