రుఅకానా జలపాతంలో నీళ్ళు ఏ వారంలో ఉంటాయి?

నమీబియా, అంగోలా సరిహద్దులో కునేనే నది మీద ఉన్న రుఅకానా జలపాతం గురించి. ఎత్తు దాదాపు 120 మీటర్లు. రెండుసార్లు వెళ్ళాను: ఆగస్టు చివర్లో ఎండిన రాతిగోడ, ఫిబ్రవరి మూడో వారంలో అంచున రెండు సన్నటి పాయలు, అంతే.

కారణం తెలుసు. పైనున్న ఆనకట్ట దగ్గర నీటిని సొరంగంలోకి మళ్ళించి కరెంటు తీస్తారు. టర్బైన్లు తాగగా మిగిలిందే జలపాతానికి. పైగా ఇక్కడ కురిసే వానతో పనిలేదు, అంగోలా ఎత్తు ప్రాంతాల్లో పడిన వాన దిగి రావాలి. అందుకే రుఅకానా వాతావరణ సూచన చూసి బయల్దేరడం వృథా (మొదట నేను చేసిన పొరపాటు అదే). ఉపగ్రహ చిత్రాలు చూశాను, వానాకాలమంతా మబ్బులే. దగ్గరి లాడ్జీలకు ఫోన్ చేస్తే "నీళ్ళున్నాయి" అంటారు కానీ, అది నదిలోనా, గోడ మీదా అన్నది తేలదు.

వ్యూపాయింట్‌కి దారి, నమీబియా చెక్‌పోస్టులో పేరు రాయించుకోవడం తెలుసు, అది సమస్య కాదు. విండ్‌హుక్ నుంచి కారులో రెండు రోజులు పెట్టుకుని వస్తాను, మూడోసారి ఖాళీగా తిరిగి రాలేను.

గోడ వెడల్పంతా నీళ్ళు దూకుతుండగా కళ్ళారా చూసినవారు, అది ఏ సంవత్సరం, ఏ నెల, ఏ వారమో చెప్పగలరా?