అప్‌డేట్: ఫోను తెర దాటిపోయే వీడియో సమస్య తీరింది

గుంటూరులో మా అక్కయ్య నడిపే వీణ తరగతుల పేజీలో యూట్యూబ్ వీడియో ఫోను తెర దాటిపోతోందని అడిగాను. ఇప్పుడు చక్కగా అమరింది. సాయపడిన అందరికీ కృతజ్ఞతలు.

పనిచేసింది ఇది: సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) ఐఫ్రేమ్‌కు (పేజీలో వీడియోను చూపే చట్రం) విడ్త్ (వెడల్పు) 100%, హైట్ (ఎత్తు) ఆటో, యాస్పెక్ట్-రేషియో (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 16/9. మూడూ కలిసే ఉండాలి. విడ్త్ ఒక్కటే మారిస్తే యూట్యూబ్ ఇచ్చిన కోడ్‌లోని 315 పిక్సెళ్ల ఎత్తు అలాగే ఉండిపోయి వీడియోకు పైనా కిందా నల్లపట్టీలు వచ్చాయి. యాస్పెక్ట్-రేషియో లేకుండా హైట్ ఆటో పెడితే ఎత్తు 150 పిక్సెళ్లకు పడిపోయింది, అక్కయ్య వేళ్లు కూడా కనిపించలేదు!

2021కి ముందటి బ్రౌజర్లకు ఇది చాలదు. వాటికి ఐఫ్రేమ్ చుట్టూ డివ్ (ఒక ఖాళీ పెట్టె) పెట్టి, దానికి ప్యాడింగ్-బాటమ్ (కింది ఖాళీ) 56.25%, అంటే వెడల్పులో 9/16 వంతు, ఇచ్చే పాత పద్ధతే నమ్మకమైనది.