గింజ వేరు, విత్తనం వేరు: "బీజకణం" మాట మీద ఒక సందేహం

గుణుపూర్ నుంచి నమస్కారం. మా మేనకోడలు ప్లస్ టూ చదువుతోంది. బడిలో ఒడియా, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. నిన్న పిండం పాఠంలో 'జెర్మ్ సెల్' అంటే ఏంటని ఫోనులో వెతికితే "క్రిమి కణం" అని వచ్చిందట! జెర్మ్‌కి లాటిన్ మూలంలో అర్థం మొలక. క్రిమి కాదమ్మా, బీజకణం, అంటే ముందుముందు అండాలకో శుక్రకణాలకో మూలమయ్యే కణం అన్నాను. వెంటనే, "అయితే బీజకోశంలో పుడుతుందన్నమాట, మావయ్యా" అంది.

పుట్టదు. మనిషి పిండంలో బీజకోశాలు (అండాశయాలు, వృషణాలు) ఏర్పడకముందే, నాలుగో వారానికల్లా ఈ కణాలు సొనసంచి గోడలో కనిపిస్తాయి. అక్కణ్ణుంచి పేగు గోడ వెంట కదులుతూ, ఐదారు వారాలకి బీజకోశం తయారయ్యే చోటికి చేరతాయి. కోడి పిండంలోనైతే రక్తంలో కలిసి వెళ్తాయి. పిల్ల తప్పేమీ లేదు, రెండు మాటలూ పక్కపక్కన పెడితే ఎవరికైనా అలాగే తోస్తుంది.

అందుకే పిల్లలకి చెప్పడానికి, బీజకణం కన్నా నాకు "విత్తన కణం" నచ్చింది. మా అమ్మ నూర్పు అవ్వగానే ముందు విత్తనాలకి తీసేది. గడ్డితాడుతో చిన్న పురి చుట్టి, పైన పేడ అలికి, గది మూల పెట్టేది. శ్రావణంలో బియ్యం నిండుకుంటే పక్కింట్లో అప్పు తెచ్చేది గానీ ఆ పురి మీద చెయ్యి వేసేది కాదు. గింజలన్నీ ఒకటే. నాటడానికని తీసి ఉంచిందే విత్తనం. ఒడియాలోనూ ధాన వేరు, బిహన వేరు కదా.

పండు ఈగలో జరిగేది అచ్చంగా ఇదే. గుడ్డు వెనక కొసన తల్లి ముందే చేర్చి ఉంచిన పదార్థం ఒకటి ఉంటుంది. అది ఏ కణాల్లోకి వెళ్తే అవే విత్తన కణాలవుతాయి. 1974లో ఇల్మెన్సీ, మహోవాల్డ్ అనే శాస్త్రవేత్తలు ఆ పదార్థాన్ని తీసి మరో గుడ్డు ముందు కొసన పెట్టారు. అక్కడా అవే కణాలు పుట్టాయి.

పర్లాకిమిడి నుంచి ఒక సభ్యుడు: బాగుంది మాస్టారూ. కానీ మా ఇంట్లో ముందే తీసి ఉంచడం లేదండి. చేను పండాక తిరిగి చూసి, కేళీలు (కలిసిపోయిన వేరే రకం మొక్కలు) లేని మడి ఒకటి విత్తనానికి వదిలేస్తాం.

జవాబు: బాబూ, ఎంత మంచి మాట చెప్పారు! ఎలుకలో మీ పద్ధతే. ముందే తీసి ఉంచింది ఏమీ ఉండదు. పిండం ఆరో రోజుకి పక్క కణజాలం నుంచి బీఎంపీ4 అనే ప్రోటీను సంకేతంగా వస్తుంది. అది అందిన కొన్ని కణాలే ఇటు మళ్లుతాయి. ఏడో రోజు దాటాక లెక్కపెడితే అవి నలభై దాకా ఉంటాయి. మిగతావి ఒళ్లు కట్టడానికి పోతాయి.

రాయగడ నుంచి ఒక సభ్యురాలు: బీజగణితం, బీజాక్షరం అంటున్నాం. బీజం ఏం పాపం చేసిందండీ?

జవాబు: ఏమీ లేదమ్మా. తెలుగు పుస్తకాల్లో ఉన్న మాట అదే, ఉండనివ్వండి. పిల్లలకి మొదటిసారి చెప్పేటప్పుడు మాత్రం విత్తనం అంటే, తీసి ఉంచడం అన్న సంగతి వెంటనే పట్టుకుంటారు. మా పిల్ల పట్టుకుంది. ఇంతకీ, విత్తనానికి వదిలిన మడికి మీ ఊళ్లలో ప్రత్యేకంగా పేరుందా? కాశీనగర్ వైపు వాళ్లు కూడా చెప్పండి.