జనవరి 1న చర్చిలో రక్తదాన శిబిరం పెట్టిన వాళ్ళున్నారా?

అందరికీ వందనాలు. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. సంఘ కమిటీ ఎన్నికలయ్యాక మా సంఘం రెండు ముక్కలైంది. ఒకే ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనలో) పాలుపొందుతారు, గేటు దాటగానే మొహాలు తిప్పుకుంటారు. ఏటా డిసెంబర్ 31 రాత్రి "సమాధానం దయచేయి ప్రభువా" అని శాంతి కోసం ప్రార్థన చేసి, కొత్త ఏడాదికి బైబిల్ వాక్యం రాసిన వాగ్దానం కార్డు తీసుకుని, కేకు తిని ఇంటికెళ్ళిపోవడం అలవాటైపోయింది. ఈసారి రెండు వర్గాల కుర్రాళ్ళనీ ఒకే పనిలోకి దింపుదామని యూత్‌లో అనుకున్నాం. రక్తదానం అయితే బాగుంటుందన్నారు.

18 ఏళ్ళు నిండాలి, బరువు 45 కేజీలకి తగ్గకూడదు, అంతవరకు తెలుసు. చిక్కల్లా వేళ దగ్గరే. మా రాత్రి ఆరాధన ముగిసేసరికి ఒంటిగంట, మళ్ళీ పొద్దున్నే ఇంకో ఆరాధన. నిద్ర లేనివాళ్ళు రక్తం ఇవ్వకూడదంటారు కదా? పైగా కొందరు ఆ రోజు ఉపవాసం ఉంటారు, ఖాళీ కడుపుతో అసలు కూడదు. పోనీ ఆ తర్వాతి ఆదివారానికి మారుద్దామంటే, పండక్కొచ్చిన హైదరాబాద్ పిల్లలు వెళ్ళిపోతారు. ఓపికున్నది వాళ్ళకే మరి!

ప్రభుత్వ బ్లడ్ బ్యాంకుకి ఎన్నాళ్ళ ముందు ఉత్తరం పెట్టాలి? జనవరి 1న సిబ్బంది వస్తారా? కనీసం ఇంతమంది దాతలుండాలని అడుగుతారా? మంచాలు, జ్యూసు మనమే చూసుకోవాలా? చర్చి హాల్లో అయితే ఊళ్ళో మిగతావాళ్ళు రావడానికి మొహమాటపడతారేమో, బడి ఆవరణ నయమంటారా? మీ ఊళ్ళో ఎలా చేశారో కాస్త వివరంగా చెప్పండి.